జాకెట్ ఒకరికి, ఫొటోలు ఇంకొకరికి

పాత ఎయిర్‌ఫోర్స్ జాకెట్లు కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పే మాట ఒక్కటే. జాకెట్ కన్నా ముందు దాని పక్కనున్న అట్టపెట్టె చూడండి. ఉత్తరాలు, ఫొటోలు, సైన్యం నుంచి బయటికి వచ్చినప్పుడిచ్చే డిశ్చార్జి కాగితం, ఏదైనా సరే. ఆ పెట్టె జాకెట్‌తోపాటు మీ ఇంటికి రాకపోతే దాన్ని వేసుకున్న మనిషి పేరు అక్కడితో పోయినట్టే, తర్వాత ఎంత డబ్బు పోసినా తిరిగి దొరకదు.

నేను ఉండేది ఒహాయోలో, డేటన్ దగ్గర. ఉద్యోగం కోసం వచ్చాను, ఈ జాకెట్ల పిచ్చి ఇక్కడే పట్టుకుంది. రైట్ సోదరుల ఊరు ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం వాళ్లు వేసుకున్న జాకెట్ల నమూనాలన్నీ ఇక్కడి రైట్ ఫీల్డ్‌లోనే తయారయ్యాయి, తోలు మందం ఎంతుండాలి, జేబు ఎక్కడ ఉండాలి అన్నది కూడా ఇక్కడే తేల్చారు. ఇప్పుడు ఆ బేస్ పేరు రైట్-ప్యాటర్సన్, దాన్ని ఆనుకునే ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా నేను మొదట తీసుకెళ్లేది అక్కడికే. 2018 నుంచి మెంఫిస్ బెల్ అనే బి-17 బాంబర్ అక్కడే ప్రదర్శనలో ఉంది.

ఈ జాకెట్లు దొరికేది ఎస్టేట్ సేల్స్‌లో. ఎస్టేట్ సేల్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఇక్కడ ముసలివాళ్లు పోయాక పిల్లలు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంటారు, ఇల్లు ఖాళీ చేసి అమ్మాలి, అందుకని ఒక కంపెనీని పిలుస్తారు. వాళ్లు వచ్చి అటక మీది సూట్‌కేసు దగ్గర్నుంచి గరాజ్‌లోని సుత్తి దాకా అన్నిటికీ నంబర్లు వేస్తారు. కొన్నిచోట్ల ధర చీటీ అంటించి అమ్ముతారు, కొన్నిచోట్ల వేలంపాట. మన దగ్గర పోయినవారి బట్టలు దానం ఇచ్చేస్తాం, లేదా నీళ్లలో వదిలేస్తాం. ఒక మనిషి కళ్లజోడు, షేవింగ్ బ్రష్షు, పెళ్లి ఫొటో ఫ్రేము ఒకే బల్లమీద పెట్టి అమ్మడం మొదటిసారి చూసినప్పుడు నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఇప్పటికీ ఇంట్లోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగుతాను.

నేను కొన్న మొదటి జాకెట్ ఏ-2 కాదు, ఏ-2 అని అమ్మారంతే. ఏ-2 అంటే యుద్ధకాలంలో వైమానిక దళం వాళ్లు వేసుకున్న తోలు జాకెట్ రకం. ఎవరు అమ్మారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. 350 డాలర్లు పెట్టాను. లోపల లైనింగ్ మీద పసిఫిక్ సముద్రం మ్యాపు ప్రింటు చేసి ఉంది, అది చూసే మురిసిపోయి కొన్నాను. ఆరు నెలల తర్వాత ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండానే చెప్పాడు, అది 1980లలో మాల్‌లో అమ్మిన జాకెట్ అని. నిజమైన ఏ-2కి లోపలి జేబు ఉండదు. చేతులు పక్కనుంచి దూర్చుకునే జేబులూ ఉండవు, ముందు రెండు అతుకు జేబులు, వాటికి ప్రెస్ బటన్ మూతలు, అంతే. అప్పట్లో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడటం సైనికుడికి తగదనుకునేవాళ్లు. వెల్‌క్రో కనిపించినా, బట్టలు ఉతికే గుర్తులున్న లేబుల్ కనిపించినా అది యుద్ధకాలం నాటిది కాదని నిశ్చింతగా చెప్పొచ్చు.

అసలు ఏ-2 1931లో వచ్చింది. అంతకుముందున్న ఏ-1కి గుండీలు, దీనికి జిప్పు. ఎక్కువ శాతం గుర్రపు తోలు, కొన్ని మేకతోలు. మెడ వెనక నేత లేబుల్ ఉంటుంది, దానిమీద టైప్ ఏ-2 అని, డ్రాయింగ్ నంబర్ 30-1415 అని, కాంట్రాక్టు నంబరు, తయారుచేసిన కంపెనీ పేరు. పెన్సిల్వేనియాలో రఫ్ వేర్, న్యూయార్క్ రాష్ట్రంలో ఏరో లెదర్, షికాగోలో డుబో, ఇలా చాలా కంపెనీలు కుట్టాయి, ఒక్కొక్కరి కాలర్ కోత ఒక్కో తీరు. కొన్నాళ్లు చూస్తే లేబుల్ చదవకుండానే కాలర్ చూసి కంపెనీ చెప్పగలుగుతాం. 1943లో సైన్యం తోలు ఆపేసి బట్టతో చేసిన బి-10కి మారింది, అప్పటికే ఒంటిమీద ఏ-2 ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు. బి-17, బి-24 విమానాల్లో పాతిక వేల అడుగుల ఎత్తున మైనస్ నలభై డిగ్రీల చలిలో, తెరిచి ఉన్న కిటికీ పక్కన తుపాకీ పట్టుకుని నిలబడేవాళ్లకి ఏ-2 సరిపోయేది కాదు, వాళ్లకి బొచ్చుతో సహా ఉంచిన గొర్రెతోలు బి-3 ఉండేది. బి-3 అందంగా ఉంటుంది కానీ కొనడానికి భయం, డెబ్భై ఎనభై ఏళ్లకి ఆ తోలు ఎండి అప్పడంలా విరుగుతుంది. నేవీ వాళ్ల జి-1 నేను పట్టించుకోను. నైలాన్ ఎం.ఏ-1 కూడా, ఆ నారింజ రంగు లైనింగ్ ఉన్నది, వాటిని సేకరించేవాళ్లు వేరే ఉన్నారు.

వీపు మీద బొమ్మలు వేసిన జాకెట్లకి ధర ఎక్కువ. విమానం పేరు, ఒక అమ్మాయి బొమ్మ, కింద వరసగా చిన్నచిన్న బాంబులు, ఒక్కో బాంబు ఒక్కో మిషన్. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన బాంబర్లకి మొదట్లో 25 మిషన్లు పూర్తయితే ఇంటికి పంపేవాళ్లు, 1944లో దాన్ని 30కి, తర్వాత 35కి పెంచారు. అందుకని పాతిక బాంబులున్న వీపు చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కుర్రాడు బతికి ఇంటికి వెళ్లాడన్న సంగతి. మోసాలు కూడా ఇక్కడే ఎక్కువ. జాకెట్ నిజంగా పాతదే అయ్యుంటుంది, బొమ్మ నిన్నకాక మొన్న వేసినది. టార్చి పక్కనుంచి వేసి చూడండి. పాత రంగు తోలు ముడతలతోపాటే పగిలి ఉంటుంది, కొత్త రంగు ఆ పగుళ్లలోకి దిగి పూడ్చేసి ఉంటుంది. జాకెట్ మీద కుట్టిన ప్యాచ్‌లు పాతవో కాదో చూడటానికి చిన్న అల్ట్రావయొలెట్ లైటు పెట్టుకోండి, ఇప్పటి దారాలు చాలావరకు ఆ వెలుతురులో తెల్లగా మెరుస్తాయి.

వేలంపాట గురించి. ముందురోజు ప్రివ్యూ, అంటే సామాన్లు చేత్తో పట్టి చూసుకునే వీలు ఉంటే తప్పకుండా వెళ్లాలి. ఆన్‌లైన్ ఫొటో చూసి పాట పాడకూడదు, జిప్పు మార్చారా, ముంజేతి అల్లిక చిమ్మెటలు తిన్నాయా అనేది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. పాట ఎక్కడ ఆపాలో ఇంట్లోనే కాగితం మీద రాసుకోవాలి, ఆ రాసిన దానిలో కంపెనీ పైన వేసే కమిషన్ కూడా కలపాలి, కొన్నిచోట్ల అది 18 శాతం, కొన్నిచోట్ల పాతిక దాకా ఉంటుంది, మనకి గుర్తొచ్చేది బిల్లు చేతికొచ్చాకే.

నాకు బాధ కలిగించే పద్ధతి ఇంకొకటుంది. ఒకే మనిషి సామాన్లని వేలం కంపెనీ వాళ్లు లాట్లుగా విడగొడతారు. జాకెట్ ఒక లాటు, మెడల్స్ ఒక లాటు, ఫొటోల ఆల్బమ్ ఒక లాటు, ఉత్తరాలు ఇంకో లాటు. అలా విడదీస్తే నలుగురు పోటీ పడతారు, కుటుంబానికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. వ్యాపారంగా చూస్తే తప్పులేదు, నాకూ తెలుసు. కానీ ఆ పదిహేను నిమిషాల్లో ఎనభై ఏళ్లు ఒక పెట్టెలో కలిసి ఉన్నవి నాలుగు రాష్ట్రాలకి వెళ్లిపోతాయి.

ఈ కాగితాలకి ఎందుకంత ప్రాణం పెడతానంటే, 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డులు దాచే ప్రభుత్వ భవనం తగలబడింది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు పోయాయి. 1912 నుంచి 1960 లోపు ఆర్మీ నుంచి బయటికి వచ్చినవాళ్ల ఫైళ్లలో 80 శాతం బూడిదయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్ వేరుగా లేదు, ఆర్మీలో భాగం, కాబట్టి ఈ జాకెట్లు వేసుకున్న కుర్రాళ్లలో చాలామంది ఫైళ్లు ఆ మంటల్లోనే పోయాయి. ఆ ఇంటి అటకమీద ఉన్న కాగితమే కొన్నిసార్లు మిగిలిన ఒకే ఒక్క ఆధారం. దాన్ని రెండు డాలర్ల బాక్స్ లాటులో పాత క్రిస్మస్ కార్డులతో కలిపి అమ్మేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

కాగితం లేకపోయినా ఒక దారి ఉంది. అప్పట్లో బట్టలు లాండ్రీలో కలిసిపోకుండా ప్రతి సైనికుడూ తన ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగు అంకెలు బట్టల మీద వేసుకునేవాడు. జాకెట్ లైనింగ్‌లో, లేబుల్ కింద, ఒక్కోసారి జేబు మూత లోపల సిరాతో ఆ గుర్తు ఉంటుంది. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో యుద్ధకాలంలో ఆర్మీలో చేరినవాళ్ల జాబితా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఒక అక్షరం, నాలుగు అంకెలు, ఏ రాష్ట్రమో తెలిస్తే జాబితా బాగా కుదించుకుపోతుంది. నేను ఇప్పటివరకు ఇలా మూడు జాకెట్లకి పేర్లు పట్టుకున్నాను. ఒక్కోదానికి కొన్ని రాత్రులు పట్టింది. పేరు దొరికిన రాత్రి మాత్రం నిద్ర రాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కిందటేడాది అక్టోబర్‌లో, మా ఇంటికి గంట దూరంలో ఒక పాత రైతు ఇంట్లో వేలం. లిస్టులో ఒక ఏ-2 ఉంది. ప్రివ్యూకి వెళ్లాను. రఫ్ వేర్ కుట్టినది, సైజు 38, మోచేతుల దగ్గర తోలు బాగా అరిగిపోయింది, జిప్పు పాడైంది కానీ అసలుదే. ఎడమ భుజం మీద ప్యాచ్ చూసి అక్కడే ఆగిపోయాను. చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగం ప్యాచ్. కింద ఎరుపు తెలుపు చారలు, పైన నీలం మీద ఒకవైపు చైనా సూర్యుడు, ఒకవైపు స్టార్ ఆఫ్ ఇండియా. అమెరికాలో చేసినవైతే మెషిన్ ఎంబ్రాయిడరీ ఉంటుంది. ఇది జరీతో చేసినది. మన పెళ్లి జాకెట్ల మీద జర్దోసీ వర్క్ చేస్తారే, అదే చుట్టల తీగ, అదే చేతికుట్టు, వెలుగు తగ్గి నల్లబడింది అంతే. ఇండియాలో ఏదో ఊళ్లో ఒక పనివాడు కూర్చుని కుట్టిన నక్షత్రం అది.

దాని పక్క బల్లమీద, వేరే లాటు నంబరుతో, నల్ల కాగితాల ఆల్బమ్. తిప్పుతూ వెళ్లాను. విమానాలు, బి-29లు, టెంట్లు, చొక్కాల్లేకుండా నిలబడ్డ కుర్రాళ్లు. తెల్ల సిరాతో కింద రాతలు. ఒక పేజీ మీద ఖరగ్‌పూర్, 1944 అని ఉంది. ఆ పేజీలో ఒక బజారు ఫొటో, వీధికి అడ్డంగా ఎడ్లబండి, వెనక ఒక కొట్టు బోర్డు. బోర్డు మీద తెలుగు అక్షరాలు. సగం స్తంభం వెనక పడింది, మిగిలిన సగం నేను చదివాను, కాఫీ హోటల్ అని. కింద అతను రాసుకున్నది ఇంగ్లీషులో, బజారు, ఏదో స్థానిక భాష అని. ఒహాయో పొలాల మధ్య ఒక రైతు ఇంట్లో నిలబడి తెలుగు చదువుతున్నాను, చేతులు వణికాయి.

ఖరగ్‌పూర్ సంగతి శ్రీకాకుళం వైపువాళ్లకి చెప్పక్కర్లేదు. రైల్వే ఉద్యోగాల కోసం మనవాళ్లు తరతరాలుగా వెళ్లి స్థిరపడ్డ ఊరు. మా అమ్మ తండ్రి అక్కడే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు, అమ్మ పుట్టింది నింపురా రైల్వే క్వార్టర్స్‌లో. 1944లో అమెరికా తన కొత్త బి-29 బాంబర్లని అక్కడికే తెచ్చింది. ఖరగ్‌పూర్, చకులియా, పియర్డోబా, దుధ్‌కుండి, ఇవీ ఆ ఎయిర్‌ఫీల్డులు. వేలమంది మన కూలీలు, ఆడవాళ్లు కూడా, తట్టలతో కంకర మోసి ఆ రన్‌వేలు వేశారు. జూన్ 5న అక్కడి నుంచి 98 బి-29లు బ్యాంకాక్ మీదికి ఎగిరాయి, ఆ విమానాలకి అదే మొదటి దాడి. స్వాతంత్ర్య పోరాటంలో మనవాళ్లని బంధించిన హిజ్లీ జైలు భవనం ఆ బాంబర్ కమాండ్‌కి హెడ్‌క్వార్టర్స్ అయింది, 1951లో అదే చోట మొదటి ఐఐటీ మొదలైంది. మా అమ్మమ్మ దగ్గర ఆకుపచ్చ రంగు ఇనప డబ్బా ఒకటి ఉండేది, మెషిన్‌గన్ తూటాల డబ్బా, అందులో ఎండుమిరపకాయలు పోసేది. దొరల డబ్బా అనేవాళ్లం, ఏ దొరలో ఎవరూ అడగలేదు.

మా తాతకీ ఈ జాకెట్ వేసుకున్న కుర్రాడికీ పరిచయం ఉందని నేను అనడం లేదు. ఉండకపోవచ్చు. ఒకే ఊళ్లో, ఒకే ఎండలో ఉన్నారు, అంతవరకు చెప్పగలను.

వేలంనాడు జాకెట్ 640 డాలర్లకి నాకు వచ్చింది. ఆల్బమ్ దగ్గర ఓడిపోయాను. నేను 200 అని రాసుకున్నాను, 300 కూడా దాటాను, ఆన్‌లైన్‌లో ఎవరో పెంచుకుంటూ పోయారు, 410 దగ్గర ఆపేశాను. ఇంకో వంద పెట్టాల్సింది. ఆ రోజు డబ్బు గురించి ఆలోచించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

జాకెట్ తీసుకుని వస్తుంటే వరండాలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు, ఆ జాకెట్ వేసుకున్నాయన కూతురు. దగ్గరికి వెళ్లి చెప్పాను, ఇది నేను తీసుకున్నానండీ, మా అమ్మ పుట్టిన ఊళ్లో మీ నాన్నగారు ఉన్నారు అని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, జిప్పు పోయేదాకా నాన్న దీన్ని పాకలో ఆవుల పాలు పితకడానికి వేసుకునేవాడని, మోచేతులు అందుకే అరిగాయని. యుద్ధం గురించి ఏమీ చెప్పేవాడు కాదట. ప్రతి వేసవిలో పెరట్లో కారం మిరప మొక్కలు మాత్రం వేసేవాడట, ఇంట్లో ఇంకెవరూ వాటిని ముట్టేవాళ్లు కాదు. డిశ్చార్జి కాగితం ఆవిడ కారులో ఉంది, ఫోన్‌తో ఫొటో తీసుకోనిచ్చారు. పని గన్నర్, విదేశానికి బయలుదేరిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, అన్నీ అందులో ఉన్నాయి. లైనింగ్‌లోని నాలుగు అంకెలు సరిపోయాయి. ఆల్బమ్ సంగతి చెబితే ఆవిడ మొహం పాలిపోయింది. అది తమ్ముడి దగ్గరుందని అనుకుంటున్నారట. అటకమీద దొరికిందంతా కంపెనీ వాళ్లు లిస్టులో పెట్టేశారు, కుటుంబాన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆ వేలం కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేస్తే కొన్నవాళ్ల వివరాలు ఇవ్వలేమన్నారు, ఉత్తరం రాస్తే పంపిస్తామన్నారు. రాశాను. మూడు వారాలకి జవాబు వచ్చింది. కొన్నది ఫొటోల వ్యాపారి. అప్పటికే ఆల్బమ్ విప్పేశాడు. విమానాల ఫొటోలు, ముక్కు మీద బొమ్మలున్నవి ముఖ్యంగా, ఒక్కోటి ఒక్కో ఊరికి వెళ్లిపోయాయి. బజారు ఫొటోలు, చెరువు ఫొటోలు, కూలీల ఫొటోలు ఎవరూ కొనలేదు, పద్నాలుగు మిగిలాయి, కావాలంటే ఒక్కోటి ఆరు డాలర్లు అన్నాడు. 84 డాలర్లు పంపించాను. కవరు రాగానే ఒక్కొక్కటి తీసి చూశాను. కాఫీ హోటల్ ఉంది.

అన్నీ స్కాన్ చేసి ఆ పెద్దావిడకి పంపాను, ఒరిజినల్స్ కావాలన్నా ఇస్తానని రాశాను. జాకెట్‌తోనే ఉండనివ్వమన్నారు. ఇప్పుడు జాకెట్ మంచి కాగితం చుట్టి వెడల్పాటి పెట్టెలో పరిచి ఉంది, నూనె గీనె ఏమీ రాయలేదు, జిప్పు మార్చలేదు. పైన ఒక కవరులో డిశ్చార్జి కాగితం కాపీ, ఆ పద్నాలుగు ఫొటోలు, ఆవిడ చెప్పిన మాటలు తేదీతో సహా. పెట్టె మూత లోపల మా అబ్బాయికి ఒక చీటీ కూడా అంటించాను, దీన్ని ఎప్పుడైనా ఇవ్వాల్సివస్తే పెట్టెతో సహా ఒక్కరికే ఇవ్వు అని.

సంక్రాంతికి అమ్మతో వీడియో కాల్‌లో ఆ బజారు ఫొటో చూపించాను. ఆల్బమ్‌లో కింద రాసింది అప్పటికే వ్యాపారి చింపేసిన కాగితంతో పోయింది, నేను ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్ అనుకుని అలాగే రాసిపెట్టాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరగా తెచ్చుకుంది. గోల్‌బజార్ కాదురా, అక్కడ వీధి ఇంత వెడల్పు, ఇది మా నింపురా సంతలా ఉంది, ఆ వెనక కనపడేది నీళ్ల ట్యాంకే కదా, ఇంకొంచెం పెద్దది చెయ్యి అంది. పెద్దది చేశాను. అవును ట్యాంకే, మేం దాని కిందే ఆడుకునేవాళ్లం అంది. గోల్‌బజార్ కొట్టేసి, ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో నింపురా అని, పక్కన అమ్మ పేరు, ఆ రోజు తేదీ రాశాను.